బుడిబుడి అడుగుల వాళ్ళకు ఏం ఆటలు పెట్టాలి?

రెండేళ్ళ పాప పుట్టినరోజు. ఫంక్షన్ హాలు మధ్యలో కుర్చీలు గుండ్రంగా వేశారు. మైకు పట్టుకున్న యాంకరమ్మ "పాట ఆగగానే అందరూ గబుక్కున కూర్చోవాలి, సరేనా!" అని హుషారుగా చెప్పింది. పాట మొదలైంది, ఆగింది. ఒక పిల్ల ఇంకా గెంతుతూనే ఉంది. ఒక బుడతడు కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ అమ్మ దగ్గరికి బయల్దేరాడు. మరొకడు మొదటి నుంచీ కూర్చునే ఉన్నాడు, లేవమంటే లేవడు. కుర్చీ దొరకని చిన్నదాన్ని "నువ్వు ఔట్ నాన్నా" అని పక్కకు తీసుకెళ్ళేసరికి హాలు అదిరిపోయేలా ఏడుపు. హైదరాబాద్‌లోనైనా, భీమవరంలోనైనా, డాలస్‌లోనైనా మన పిల్లల పార్టీల్లో ఈ దృశ్యం మామూలైపోయింది. ఆ ఏడుపు విని తల్లి చిన్నబుచ్చుకుంటుంది, "మా వాడు చెప్పిన మాట వినడండీ" అని పక్కావిడతో అంటుంది.

ఆ పిల్లల్లో మొండివాళ్ళెవరూ లేరు. ఆట వాళ్ళ వయసుది కాదు, అంతే. ఐదారేళ్ళ వాళ్ళకు మ్యూజికల్ చైర్స్ చక్కటి ఆట. రెండేళ్ళ వాళ్ళ చేత ఆడిస్తే మాత్రం ఒకేసారి నాలుగు పనులు చెయ్యమంటున్నాం: పాట వింటూ నడవాలి, పాట ఆగడం గమనించాలి, ఊపులో ఉన్న కాళ్ళను ఆపాలి, పక్కవాడి కంటే ముందు కుర్చీ పట్టాలి. పట్టలేకపోతే ఓడిపోయానని ఒప్పుకుని తప్పుకోవడం ఐదో పని. అది పెద్దవాళ్ళకే కష్టం.

వీటిలో అసలు చిక్కు ఆగడంతోనే. కదలడం కంటే, కదులుతున్న ఒంటిని ఆపడం మెదడుకు కష్టమైన పని. దాన్ని చూసుకునేది నుదురు వెనక ఉండే ముందుమెదడు, శాస్త్రజ్ఞుల భాషలో ప్రీఫ్రంటల్ కార్టెక్స్. మెదడులో అన్నిటికంటే ఆలస్యంగా ఎదిగే భాగాల్లో అదొకటి, ఇరవై ఏళ్ళు దాటాక కూడా ఇంకా తయారవుతూనే ఉంటుంది. సోవియట్ కాలపు మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా చిన్నపిల్లల చేతికి ఒక రబ్బరు బుడ్డి ఇచ్చి నొక్కమనేవాడు. నొక్కుతూ ఉన్న పిల్లవాడితో "ఇక చాలు, నొక్కకు" అంటే, మరీ చిన్నవాళ్ళు ఆపకపోగా ఇంకాస్త గట్టిగా నొక్కడం ఆయన గమనించాడు. పెద్దవాళ్ళ గొంతు వాళ్ళను కదిలించగలదు. ఆపే శక్తి మాత్రం ఆ మాటకు ఇంకా రాలేదు. "పరిగెత్తకు" అని అరిచినకొద్దీ పిల్లవాడు కేరింతలు కొడుతూ ఇంకా పరిగెత్తడం ప్రతి ఇంట్లోనూ చూసేదే.

ఈ విషయాన్ని మీ ఇంట్లోనే కళ్ళారా చూడొచ్చు. ఇంట్లో తొమ్మిది పది నెలల పాప ఉంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఎదురుగా రెండు చేతిరుమాళ్ళు కాస్త ఎడంగా పరవండి. పాపకు ఇష్టమైన గిలక్కాయను కుడివైపు రుమాలు కింద దాచండి. రుమాలు లాగి గిలక్కాయ తీసుకుంటుంది, నవ్వుతుంది. మళ్ళీ అక్కడే దాచండి, మళ్ళీ తీస్తుంది. ఇప్పుడు పాప చూస్తూ ఉండగానే ఎడమవైపు రుమాలు కింద దాచండి. ఐదారు సెకన్లు ఆ చిట్టి చేతులు మెల్లగా పట్టుకుని, తర్వాత వదలండి. చాలామంది పిల్లలు కుడివైపుకే చెయ్యి చాపుతారు! కళ్ళ ముందే ఎడమవైపు పెట్టాం కదా, మరి ఎందుకిలా? కొందరు పిల్లల్లో ఇంకో విచిత్రం కనిపిస్తుంది. చూపు సరైన రుమాలు మీదే ఉంటుంది, చెయ్యి మాత్రం పాత రుమాలు వైపు పోతుంది. వస్తువు ఎక్కడుందో వాళ్ళకు ఒక రకంగా తెలుసు, అలవాటుపడిన చేతిని ఆపడమే తెలీదు.

ఈ తప్పును మొదట వివరంగా రాసింది స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ పియాజే. తర్వాత అడెల్ డైమండ్ అనే శాస్త్రవేత్త దీన్ని నెలనెలా కొలిచారు. ఏడున్నర నెలల పిల్లలు రెండు సెకన్లు ఆగినా పొరబడతారు. ఏడాది నిండేసరికి పది సెకన్లు దాటితే గానీ పొరబడరు. ముందుమెదడులో కొంత భాగం దెబ్బతిన్న కోతులు కూడా ఇదే పరీక్షలో ఇలాగే పొరబడతాయని ఆమె చూపించారు. నెలకు రెండు సెకన్ల చొప్పున పెరిగే ఓపిక అది. ఇంత నెమ్మదిగా ఎదుగుతున్న మెదడును పట్టుకుని, ఏడాది తిరిగేసరికి "పాట ఆగగానే ఆగు" అనడం న్యాయం కాదు.

కాబట్టి పార్టీలో పాట పెట్టండి, కుర్చీలు తీసేయండి.

పాటతో పిల్లలకున్న చుట్టరికం మనం అనుకునే దానికంటే పాతది. పుట్టి రెండు మూడు రోజులైన పసికందులు నిద్రపోతూ ఉండగా డప్పు దరువు వినిపించి, మధ్యలో ముఖ్యమైన దెబ్బను ఎగరగొడితే, "ఇక్కడేదో తప్పిపోయింది" అన్నట్టు వాళ్ళ మెదడు తరంగాల్లో మార్పు కనిపించింది. హంగరీకి చెందిన ఇస్త్వాన్ వింక్లర్ బృందం 2009లో ఈ సంగతి ప్రచురించింది. ఆ మరుసటి ఏడాది మార్సెల్ జెంట్నర్, తుయోమాస్ ఎయెరోలా 5 నెలల నుంచి 24 నెలల వయసున్న 120 మంది పిల్లల్ని పరిశీలించారు. మాటలు వినిపించినప్పటి కంటే సంగీతం వినిపించినప్పుడే పిల్లలు ఒళ్ళూపడం ఎక్కువ. వాళ్ళ ఊపు తాళానికి ఎంత దగ్గరైతే అంత ఎక్కువగా నవ్వారు కూడా.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగింది. లారా సిరెల్లి బృందం 14 నెలల పిల్లల్ని ఎత్తుకుని, పాటకు తగ్గట్టు మెల్లగా ఎగరేస్తూ ఊపింది. ఎదురుగా నిలబడ్డ ఇంకొకావిడ కొందరు పిల్లల ముందు సరిగ్గా అదే తాళంలో ఊగింది, మరికొందరి ముందు తాళం తప్పి ఊగింది. తర్వాత ఆవిడ పని చేసుకుంటూ పొరపాటున అన్నట్టు చేతిలో వస్తువు జారవిడిచింది. తమతో కలిసి ఊగినప్పుడు పిల్లలు తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి దాన్ని అందించడం ఎక్కువగా కనిపించింది. కలిసి చిందేస్తే స్నేహం కుదురుతుందన్న మాట. అందుకే పార్టీలో పాట పెట్టినప్పుడు పిల్లల్ని మధ్యలో వదిలి చుట్టూ నిలబడి వీడియో తీయకండి. ఎత్తుకోండి, లేదా మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ కళ్ళ ఎత్తుకు దిగి మీరూ ఊగండి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ ఉంటే పిల్లలందరినీ కాళ్ళు చాపి వరసగా కూర్చోబెట్టి కాళ్ళాగజ్జా ఆడించమనండి. ఒక్కో కాలి మీద చేత్తో తడుతూ పాట పాడుతుంటే, పిల్లలు చెయ్యాల్సింది తమ వంతు తట్టు కోసం కాసుకుని ఉండడమే. తాళం, స్పర్శ, ఎదురుచూపు మూడూ అందులో ఉన్నాయి. పాట ముగిసిన చోట కాలు ముడవడం తెలియని వాళ్ళను ముడవమని బలవంతపెట్టనక్కర్లేదు.

ఒప్పులకుప్ప విషయంలో మాత్రం జాగ్రత్త. చేతులు పట్టుకుని గిర్రున తిప్పడం పెద్ద పిల్లలకు సరదా, నాలుగేళ్ళ లోపు వాళ్ళకు ప్రమాదం. ఆ వయసులో మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే పట్టీ వదులుగా ఉంటుంది. మణికట్టు పట్టి లాగినా, ఎత్తినా, ఊపినా ఎముక తల కాస్త జారిపోతుంది. పిల్లవాడు చెయ్యి వేలాడేసి కదపనంటాడు. డాక్టరు క్షణాల్లో సరిచేస్తారు గానీ పార్టీ అక్కడితో సరి. తిప్పాలనిపిస్తే చంకల కింద పట్టుకుని ఎత్తి తిప్పండి.

ఇక ఆటల్లో పట్టపురాణి దోబూచి. చీర కొంగుతోనో, తువ్వాలుతోనో, ఉత్త అరచేతులతోనో మొహం దాచుకోవడం, ఒక్క క్షణం ఆగడం, "బూ" అని బయటపడడం. ఇంత చిన్న ఆటలో పిల్లలకు అంత ఆనందం ఎక్కడి నుంచి వస్తోంది? కనబడని వస్తువు లేనట్టే అని ఎనిమిది తొమ్మిది నెలల వరకూ పిల్లలు అనుకుంటారని పియాజే అభిప్రాయం. ఆ లెక్కన అమ్మ మొహం మాయమై మళ్ళీ పుట్టడం ప్రతిసారీ ఒక అద్భుతం కావాలి. కానీ రెనే బయార్జాన్ అనే శాస్త్రవేత్త 1980లలో చేసిన ప్రయోగాలు ఆ మాటను కదిలించాయి. ఒక పెట్టెను దాచిన తెర, దాని వెనక ఏమీ లేనట్టు పూర్తిగా వెనక్కి వాలిపోతే, ఐదు నెలల పిల్లలు, ఆ తర్వాతి ప్రయోగంలో మూడున్నర నెలల పిల్లల్లో కొందరు కూడా, దాన్ని ఎక్కువసేపు తేరిపార చూశారు. చేతితో వెతకడం రాకముందే, కనబడనిది కూడా ఉంటుందన్న ఊహ వాళ్ళలో ఉందన్న మాట.

అయితే ఆనందం దేనికి? దీనికి జవాబు 1989లో గెరాడ్ పారట్, హెన్రీ గ్లైట్‌మన్ చేసిన ఒక ముచ్చటైన ప్రయోగంలో ఉంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలతో దోబూచి ఆడుతూ ఆడుతూ, మధ్యలో దాక్కున్న మనిషికి బదులు వేరే మనిషిని బయటికి పంపారు. కొన్నిసార్లు అదే మనిషి వేరే చోటు నుంచి వచ్చారు. పిల్లల నవ్వు తగ్గింది. వింత చూపిస్తే ఎక్కువ నవ్వాలి కదా, నవ్వలేదు. అమ్మ వస్తుంది, ఇక్కడి నుంచే వస్తుంది అని వాళ్ళు ముందే లెక్క వేసుకుని కూర్చున్నారు. ఆ లెక్క నిజమైనందుకే నవ్వు. కొంచెం అనుమానం, కొంచెం నమ్మకం, చివరికి నమ్మకం గెలవడం. పిల్లలు "మళ్ళీ, మళ్ళీ" అని అడిగేది ఇందుకే. మనకు విసుగు పుట్టే చోట వాళ్ళకు గెలుపు దొరుకుతుంది. పార్టీలో ఒక ఆటను ఐదు నిమిషాల్లో మార్చేసి కొత్తది మొదలుపెట్టే యాంకర్లు ఈ గెలుపును వాళ్ళకు దక్కనివ్వడం లేదు. పిల్లలు చాలనేదాకా ఒకే ఆట ఆడించండి.

జెరోమ్ బ్రూనర్ ఈ ఆటలో ఇంకో సంగతి పట్టుకున్నారు. మొదట్లో దాక్కునేదీ, బయటికి వచ్చేదీ అమ్మే, పాప ప్రేక్షకురాలు. నెలలు గడిచేకొద్దీ పాప తానే కొంగు లాగుతుంది, తర్వాత తానే మొహం కప్పుకుంటుంది. ఒకరి తర్వాత ఒకరు అన్న సంభాషణ సూత్రం మాటలు రాకముందే ఇక్కడ నేర్చుకుంటుందని ఆయన అభిప్రాయం. రెండేళ్ళ పార్టీలో దీన్ని కాస్త పెద్దది చేయొచ్చు. ఒక పల్చటి దుప్పటిని ఇద్దరు పెద్దవాళ్ళు రెండు కొసలా పట్టుకుని పిల్లల గుంపు మీదకు గాలిపటంలా ఎగరేసి దించండి, మళ్ళీ ఎత్తండి. లోపల కేరింతలు, బయట అమ్మల మొహాలు. ఇంతకు మించిన సామగ్రి అక్కర్లేదు.

దాగుడుమూతలు ఆడిస్తే మాత్రం ఈ వయసు వాళ్ళ దాపరికం ఎలా ఉంటుందో ముందే తెలుసుకోండి. గది మధ్యలో నిలబడి రెండు చేతులతో కళ్ళు మూసుకుంటే దాక్కున్నట్టే. 2017లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రికే మోల్, అల్లీ ఖలుల్యాన్ రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లల ముందు ఒక పెద్దావిడ చేత కళ్ళు మూయించి, "నీకు ఆవిడ కనిపిస్తోందా?" అని అడిగారు. చాలామంది "లేదు" అన్నారు. ఆవిడ చెవులు మూసుకుంటే "ఆవిడతో మాట్లాడలేను" అన్నారు. ఇది బుద్ధి తక్కువతనం అనుకోవడానికి వీల్లేదు. నువ్వు నన్ను, నేను నిన్ను, ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటేనే చూడడం అని వాళ్ళ లెక్క. కాబట్టి వెతికేవాళ్ళు తెలియనట్టు నటించాలి, దాక్కునే పెద్దవాళ్ళు చీర చెరగో, కాలి వేళ్ళో కనబడేలా దాక్కోవాలి.

బొమ్మల వేట పెట్టాలనుకునే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. జూడీ డిలోచ్ 1987లో ప్రచురించిన ప్రయోగంలో ఒక గదిని, అచ్చు ఆ గదిలాంటి చిన్న నమూనాను పెట్టుకున్నారు. నమూనాలో బుల్లి కుక్కబొమ్మను బుల్లి సోఫా వెనక దాచి, "పెద్ద బొమ్మ పెద్ద గదిలో ఇదే చోట ఉంది" అని చెప్పి పంపారు. మూడేళ్ళ పిల్లలు నేరుగా వెళ్ళి తీశారు. రెండున్నరేళ్ళ వాళ్ళు దాదాపు తోచిన చోటల్లా వెతికారు. మధ్యలో ఉన్నది ఆరు నెలల తేడా. ఒక వస్తువు తన మటుకు తాను వస్తువుగా ఉంటూనే ఇంకోదానికి గుర్తుగా కూడా ఉండగలదన్నది ఆ ఆరు నెలల్లో వచ్చే తెలివి. రెండో పుట్టినరోజుకు పటాలు, బొమ్మ గుర్తులు, ఆనవాళ్ళు వద్దు. రంగు బంతుల్ని కుర్చీల కింద సగం కనబడేలా పెట్టి, బుట్ట చూపించి "ఇందులో వెయ్యి" అంటే చాలు.

ఆ బంతులు మాత్రం ఒకే రంగువి, ఒకే సైజువి, పిల్లల సంఖ్య కంటే ఎక్కువ కొనండి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మిల్డ్రెడ్ పార్టెన్ రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల ఆటను గమనించి 1932లో రాసిన వ్యాసం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. కలిసి ఒక లక్ష్యం కోసం ఆడడం పెద్ద పిల్లల పద్ధతి. చిన్నవాళ్ళు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఇసుక వాళ్ళు తవ్వుకుంటారు, ఓరకంట పక్కవాడి పని చూస్తూనే ఉంటారు. దాన్నే సమాంతర ఆట అన్నారు. ఒక్క బంతి ఇచ్చి "అందరూ కలిసి ఆడుకోండమ్మా" అంటే కొట్లాట ఖాయం. "నాది" అని పెనుగులాడే పిల్లవాడిని స్వార్థపరుడనకండి. నేను అనేవాడిని ఒకణ్ణి ఉన్నానని ఇప్పుడిప్పుడే తెలుస్తున్న వయసు అది.

ఆ "నేను" పుట్టే ఘడియను అద్దంలో చూడొచ్చు. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ పిల్లల ముక్కుకు తెలియకుండా ఎర్రరంగు పూసి అద్దం ముందు నిలబెట్టింది. ఏడాది పిల్లలు అద్దంలో ఇంకో పాపను చూసి నవ్వుతారు. రెండేళ్ళు వచ్చేసరికి చాలామంది చెయ్యి తమ ముక్కుకే పోతుంది. మైకేల్ లూయిస్ బృందం 1989లో దీనికి ఇంకో ముడి వేసింది. పిల్లల్ని ఎడతెరిపి లేకుండా పొగిడారు, కొత్తవాళ్ళ ముందు డాన్స్ చెయ్యమన్నారు. అద్దంలో తమను తాము గుర్తుపట్టిన పిల్లలే ఎక్కువగా సిగ్గుపడ్డారు, తల దించుకుని వంకరగా నవ్వారు, చేతులతో మొహం తడుముకున్నారు. స్టేజి మీద కేకు ముందు నిలబెట్టి, వందమంది చప్పట్లు కొడుతుంటే "ఆంటీకి డాన్స్ చేసి చూపించు కన్నా" అన్నప్పుడు పాప అమ్మ భుజంలో మొహం దాచుకుంటే కంగారు పడకండి. తనను అందరూ చూస్తున్నారని తెలిసేంత తెలివి వచ్చింది. ఆ తెలివిని గౌరవించి స్టేజి దింపేయండి.

నేను మళ్ళీ మళ్ళీ చూసినా తనివి తీరని ఆట ఒకటుంది. నాయనమ్మ పాప అరచెయ్యి తన చేతిలోకి తీసుకుంటుంది. అందులో అన్నం పెట్టినట్టు, పప్పు వేసినట్టు, నెయ్యి పోసినట్టు వేలితో గుండ్రంగా కలుపుతుంది. ఒక్కో వేలు మడుస్తూ ఇంట్లో ఒక్కొక్కరికి ముద్ద పెడుతుంది. ఆ తర్వాత రెండు వేళ్ళు మనిషి నడిచినట్టు మణికట్టు మీదుగా మోచేతి దాకా వస్తాయి. అక్కడ ఆగుతాయి. పాప అప్పటికే భుజాలు కుదించి, మెడ ముడిచి, నవ్వు ఆపుకుంటూ ఉంటుంది. వేళ్ళు ఇంకా చంక దాకా రాలేదు, చక్కిలిగిలి మొదలవలేదు, అయినా ఒళ్ళంతా నవ్వే.

మనకు మనం చక్కిలిగిలి ఎందుకు పెట్టుకోలేం? లండన్ యూనివర్సిటీ కాలేజీలో సారా-జేన్ బ్లేక్‌మోర్ బృందం 1998లో మెదడు స్కాన్లతో చూపించింది. మన చెయ్యి ఏం చేయబోతోందో చిన్నమెదడు ముందే అంచనా వేసి, ఆ స్పర్శను తగ్గించి చూపిస్తుంది. ఎదుటివాళ్ళ చెయ్యి ఎప్పుడు, ఎక్కడ తాకుతుందో అంత కచ్చితంగా తెలియదు కాబట్టి స్పర్శ పూర్తిగా తగులుతుంది. నాయనమ్మ ఆటలో ఈ రెండూ ఉన్నాయి. దారి తెలుసు, చివరి క్షణం తెలియదు. మోచేతి దగ్గర ఆగే ఆ ఒక్క ఊపిరిలోనే ఆట అంతా ఉంది. పార్టీకి వచ్చిన ప్రతి పాపను ఎవరో ఒక పెద్దవాళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇది ఆడించగలరు. ఒక్క నియమం మాత్రం పాటించండి: పాప మొహం తిప్పుకున్నా, చెయ్యి లాక్కున్నా వెంటనే ఆపాలి. చక్కిలిగిలికి వచ్చే నవ్వు ఇష్టంతోనే వస్తుందని అనుకోకూడదు.

పరుగులకు మైదానం కావాలి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కరెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లల నడకను లెక్కపెట్టి 2012లో ప్రచురించింది. సగటున గంటకు 2368 అడుగులు, 701 మీటర్ల దూరం, 17 సార్లు పడడం. పడడం నడక నేర్చుకోవడంలో భాగమే, కాబట్టి పడ్డ ప్రతిసారీ "అయ్యో" అని ఉరకనక్కర్లేదు. నేల నునుపు రాయి కాకుండా గడ్డో, చాపో, జంపఖానానో అయితే చాలు. అక్కడ సబ్బు బుడగలు ఊదండి. గిన్నెలు తోమే సబ్బునీళ్ళలో చెంచాడు పంచదార కలిపితే బుడగ ఇంకాస్త సేపు నిలుస్తుంది, పొరలోని నీరు త్వరగా ఆరిపోదు కాబట్టి. తక్కువ పొరతో ఎక్కువ గాలిని చుట్టగలిగే ఆకారం గోళమే కాబట్టి ఏ ఆకారపు తీగతో ఊదినా బుడగ గుండ్రంగానే తయారవుతుంది. పొర లోపలి వైపు నుంచీ, బయటి వైపు నుంచీ తిరిగొచ్చే కాంతి కలగలిసి రంగులు పుట్టిస్తుంది. పిల్లలకు ఇవేవీ చెప్పనక్కర్లేదు, వాళ్ళు బుడగ వెంట పడతారు, పగలగొడతారు, మళ్ళీ ఇంకోటి. ఓడేవాళ్ళు ఉండరు, పంచుకోవాల్సిన పని లేదు.

అదే బెలూన్ల విషయానికొస్తే నా మాట కటువుగా ఉంటుంది: మూడేళ్ళ లోపు పిల్లల పార్టీలో రబ్బరు బెలూన్లు వద్దు. పగిలిన ముక్క గొంతులో పడితే పల్చటి పొరలా అతుక్కుని శ్వాసను పూర్తిగా మూసేస్తుంది. అమెరికాలో బెలూన్ల ప్యాకెట్ల మీద 8 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రమాదమని హెచ్చరిక అచ్చు వేయడం చట్టప్రకారం తప్పనిసరి. మూడేళ్ళ లోపు వాళ్ళ బొమ్మల్లోని చిన్న భాగాలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టాన్ని వాడతారు. అందులో పూర్తిగా పట్టే ఏ వస్తువైనా పసివాళ్ళ చేతికి ఇవ్వకూడదు. మన 10 రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు.

నాణెం మాట ఎందుకు వచ్చిందంటే, చిన్నపిల్లల కోసమే జరిగే అచ్చమైన తెలుగు పార్టీ ఒకటుంది, భోగిపళ్ళ పేరంటం. భోగి సాయంత్రం పిల్లల్ని పీట మీద కూర్చోబెట్టి రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, శనగలు, చిల్లర నాణేలు కలిపి తల మీద పోస్తాం. పిల్లలకు అది ఆనందాల వాన. ఆ రాలినవాటిని ఏరుకోవడం వాళ్ళ మొదటి వేట. కానీ శనగలు, రేగి గింజలు, నాణేలు మూడూ పసివాళ్ళ గొంతుకు అడ్డం పడేవే. శనగ, వేరుశనగ లాంటి గింజలు ఊపిరితిత్తుల దారిలోకి జారితే బ్రాంకోస్కోపీ చేసి తీయాల్సి వస్తుంది. వేడుక మానేయమని అనను, మానేస్తే నాకే బాధ. మూడేళ్ళ లోపు వాళ్ళ తల మీద పూల రేకులు ఎక్కువగా, పెద్ద రేగిపళ్ళు నాలుగైదు పోసి, పీట దింపగానే పెద్దవాళ్ళే అన్నీ ఏరేయండి. పిల్లవాడు దగ్గలేక, ఏడవలేక, రంగు మారుతుంటే నోట్లో వేలు పెట్టి గుడ్డిగా కెలకకండి. ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో గట్టిగా ఐదుసార్లు చరచండి, ఇంకొకరి చేత వెంటనే 108కు ఫోన్ చేయించండి.

చివరగా సమయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ళ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మన పుట్టినరోజు పార్టీ రాత్రి ఏడింటికి మొదలై, కేకు కోసేసరికి తొమ్మిది దాటుతుంది. నిద్ర ముంచుకొస్తున్న పిల్లలకు ఎంత మంచి ఆట పెట్టినా ఏడుపే వస్తుంది. ఈసారి పిలుపు పంపేటప్పుడు పొద్దున పదింటికో, మధ్యాహ్నం కునుకు అయ్యాక నాలుగున్నరకో రమ్మని రాయండి. గంటన్నరలో ముగించండి. బంధువులకు రాత్రి విందు పెట్టాలనుకుంటే పెట్టండి, పాపను నిద్రపుచ్చిన తర్వాత.